ఒడిబియ్యం పోసిన కంపెనీ

"నా కుర్చీల వేరే పొల్ల కూసున్నదమ్మా!"

చెప్పులు కూడా విప్పకుండా గడప దాటి వచ్చింది స్వర్ణ. పొద్దున్నే పాపకు పాలిచ్చి, ఇస్త్రీ చీర కట్టుకొని, పురుడు పోసుకున్నాక మొదటిసారి ఆఫీసుకని సంబరంగా బయలుదేరిన మనిషి. గంట తిరక్కముందే ఇంట్లో ఉంది.

పాపను చూసుకోవడానికి ఊరి నుంచి కూతురి వెంట నల్గొండ వచ్చిన సైదమ్మ కాళ్లు చాపుకొని, వాటి మీద మనుమరాలిని పడుకోబెట్టి నూనె రాస్తోంది. కూతురి ముఖం చూసి చేయి ఆపేసింది.

"ఏ కుర్చీలనే?"

"ఏ కుర్చీలంటవేంది? కంపెనీల నాకెన్ని కుర్చీలున్నయి! అరుణ పెద్దమ్మ చెల్లె బిడ్డ లేదా, అక్షిత. నా టేబుల్ కాడ కూసొని, నేను మాట్లాడే ఫోన్ల బత్తాయి తోటోళ్లతోని మాట్లాడుతాంది. నన్ను చూసి లేచి నిలవడ్డది పాపం. కూసో అక్కా అని స్టూలు చూపెట్టింది. లారీ డ్రైవర్లు వస్తే కూసునే స్టూలు!"

"మరి పటేలు ఏమన్నడు?" కంపెనీ యజమాని రాంచందర్ రెడ్డి సైదమ్మకు పటేలు; స్వర్ణకు పెద్దనాయిన, ఆయన భార్య అరుణమ్మ పెద్దమ్మ.

"పెద్దనాయిన లేడు. తోటకు పోయిండట. నీకెప్పటి సంది గీ పని అని ఆ పొల్లనే అడిగిన. రెండు నెలలాయె అక్కా అన్నది."

రెండు నెలలు! స్వర్ణ వెనక్కి లెక్క వేసుకుంది. తన మొగుడు మల్లేశ్ ఆ కంపెనీలోనే బొలెరో నడుపుతాడు. తను తల్లిగారింట్లో బాలింతగా ఉన్నన్నాళ్లూ ఆదివారం వస్తే చాలు ఊరికి వచ్చేవాడు. పాపను భుజాన వేసుకొని కంపెనీ ముచ్చట్లన్నీ చెప్పేవాడు. బత్తాయి ధర పడిపోయిందని, ఢిల్లీ లారీ తిరగబడిందని, ట్రేలు దొంగతనం పోయాయని. ఈ ఒక్క ముచ్చట ఎందుకు చెప్పలేదు?

"ఆయనకు తెల్వకుంట ఉంటదా అమ్మా?"

"పచ్చి బాలింతవు, మనసుల పెట్టుకుంటవని చెప్పకపోయి ఉంటడు" అంది సైదమ్మ.

నమ్మాలనిపించే మాట. స్వర్ణ నమ్మింది.

"ఇగో, నువ్వు జర నిమ్మళంగ ఉండు" అంటూ సైదమ్మ పాప ఒళ్లు తుడిచింది. "రోడ్డు మీద లొల్లి చేసే ముచ్చట కాదిది. సీదా వాళ్లింటికే పోదాం పా. నీకు ఒడిబియ్యం పోసిన ఇల్లు. అన్యాలం చేస్తరా?"

ఇక్కడ స్వర్ణను తప్పుపట్టేవాళ్లు పట్టవచ్చు. బీకాం చదివావు కదా, ఇన్నేళ్లు పనిచేస్తూ సెలవులెన్ని, పురుటికి పోయి వస్తే నా పని నాకుంటుందా, ఉన్నట్టుండి తీసేస్తే నా గతేమిటి అని ఒక్కనాడైనా అడగొద్దా తల్లీ అని నిలదీయవచ్చు. అడిగేదే! అడగాలని గట్టిగా అనుకున్నది కూడా.

రాంచందర్ రెడ్డి దేవరకొండ రోడ్డులో బత్తాయి కంపెనీ పెట్టిననాడు అక్కడున్నవి ఒక షట్టరు, ఒక కాంటా, ఒక టేబులు. ఆ టేబులు ముందు స్వర్ణ. తోటల వాళ్లతో బేరం, కూలీలను పిలిపించడం, లారీలు మాట్లాడటం, అన్నీ ఆమే. ప్యాకింగ్ కూలీలు సీజనుకొక ముఠా మారేవారు. ఆఫీసుకు మాత్రం ఆమె ఒక్కతే. హైదరాబాదులో ఉద్యోగం చేసే స్నేహితురాలు కౌసల్య ఓసారి నల్గొండ వచ్చి, సంగతంతా విని నెత్తి కొట్టుకుంది. "అపాయింట్‌మెంట్ ఆర్డర్ లేకుంట ఇన్నేండ్ల సంది ఎట్ల చేస్తున్నవే? చిన్న కంపెనీ అయితే మాత్రం? సోమవారం పోంగనే అడుగు" అంది. అడుగుతానని స్వర్ణ మాటిచ్చింది.

ఆ ఆదివారమే రాంచందర్ ఇంటి గృహప్రవేశం వచ్చి పడింది.

ఇంటి ఆడబిడ్డలకు ఒడిబియ్యం పోసే వేళయింది. అరుణమ్మకు ఇద్దరూ కొడుకులే. బంధువులంతా చూస్తుండగా ఆమె వచ్చి స్వర్ణ చేయి పట్టుకొని పీట మీద కూర్చోబెట్టింది. "నాకు బిడ్డలు లేరు, ఇదే నా బిడ్డ" అంది. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోచంపల్లి చీర ఒడిలో పోసింది. ఆ కుటుంబం పొలాల్లో కలుపు తీసి, ఊళ్లోని వాళ్ల పాత ఇంటి దొడ్లో బోళ్లు తోమిన సైదమ్మ గుమ్మం అవతల నిలబడి చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. తమ వాడలో ఏ ఆడపిల్లకు జరిగింది ఇంత మర్యాద? ఆ బియ్యం ఊరికి తీసుకుపోయి వండి, వాడంతా పిలిచి పెట్టింది. పెట్టిన ప్రతి విస్తరి దగ్గరా ఎవరు పోశారో చెప్పుకుంది.

మరునాడు సోమవారం. స్వర్ణ రాంచందర్ ముందు నిలబడింది. "ఏం బిడ్డా?" అన్నాడాయన. అంతకుముందు రోజు దాకా "ఏమమ్మా" అనేవాడు. నోరు పెగిలితే ఒట్టు. ఒడిబియ్యం పోసిన ఇంటివాళ్లను కాయితం ఎట్లా అడుగుతారు? అడిగితే, మిమ్మల్ని నమ్మలేదని ముఖం మీద కొట్టినట్టే కదా! "ఏం లేదు పెద్దనాయినా" అని వచ్చి కుర్చీలో కూర్చుంది. సార్ పెద్దనాయిన అయ్యాడు. మేడం పెద్దమ్మ అయింది. పురుటికి పోయేటప్పుడు కూడా ఆయన "పోయి రా బిడ్డా, నీ జాగా యాడికి పోతది" అంటే, అదే సెలవనుకుంది పిచ్చిది.

*

"రా బిడ్డా రా! ఎన్నాళ్లకు!" అంటూ సోఫాలోంచే చేతులు చాచింది అరుణమ్మ. మోకాలికి ఆపరేషనయి, కాలు స్టూలు మీద పెట్టుకొని ఉంది. పాపను ఒళ్లోకి తీసుకుంది. "అచ్చం నీ పోలికనే. కండ్లు చూడు, ఎంత గడుసుగ చూస్తాందో."

స్వర్ణ ఎప్పటిలాగే ఆమె పక్కన కూర్చుంది. సైదమ్మ ఎప్పటిలాగే గుమ్మం దగ్గర నేల మీద కూర్చుంది.

"పెద్దమ్మా, అక్షితను ఆఫీసుల పెట్టిన్రంట."

"ఆ... డిగ్రీ అయి ఖాళీగున్నది. నువ్వేమో లేకపోతివి. ఫోన్లెత్తే మనిషి కావాలె గద."

"ఇప్పుడొచ్చిన గద పెద్దమ్మా."

అరుణమ్మ పాప గౌను సరిచేసింది. సరిగ్గానే ఉన్న గౌనును మళ్లీ సరిచేసింది. లోపలి గది తలుపు వైపు చూసి, "ఏమండీ" అని పిలిచింది.

తోటకు పోయిన మనిషి లుంగీ మీద బయటికి వచ్చాడు.

"మంచిగున్నవా బిడ్డా? ఇప్పుడే నీ గురించి అనుకుంటున్నం" అన్నాడు రాంచందర్, కుర్చీ లాక్కుంటూ. ఇంట్లో దాక్కొని దొరికిపోయానన్న సిగ్గు మచ్చుకైనా లేదు. "నేను చెప్పేది ఇను. గా ఆఫీసు పని ఇగ నీకెందుకు? లారీలోళ్లతోని లొల్లి, తోటోళ్లతోని లొల్లి. చంటిపిల్ల తల్లివి. మీ పెద్దమ్మను చూస్తున్నవు గద, వంటింట్ల నిలవడలేకపోతాంది. పొద్దుగాల్ల వచ్చి ఇన్ని వండిపెట్టి, ఆమెను జర కనిపెట్టుకొని ఉండు. పాపను గుడ తెచ్చుకో, ఎవరొద్దంటరు? బయటోళ్లను పెట్టుకోబుద్ధయితలేదు. నువ్వయితే ఇంటి బిడ్డవు."

స్వర్ణకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక తల్లి వైపు చూడలేకపోయింది.

"వంటకా?"

"వంటకని గట్లంటవేంది?" అంది అరుణమ్మ. "బిడ్డ తల్లికి వండిపెట్టదా?"

స్వర్ణ అరుణమ్మ పక్కనుంచి కాస్త జరిగింది. తల్లి తోమిన బోళ్లు తను తోమకూడదనే కదా సైదమ్మ కూలికి పోయి చదివించింది! ఇన్నేళ్లూ ఈ కంపెనీని భుజాన మోసి, చివరికి మళ్లీ ఆ వంటింటి గడప దగ్గరికే వచ్చిందా? అదీ బిడ్డ అనే పేరు పెట్టి!

"అక్షిత గుడ మీ చెల్లె బిడ్డనే గద పెద్దమ్మా. నాకన్న దగ్గర. ఆమెను వంటకు రమ్మనుండ్రి. నేను ఆఫీసుకు పోత."

సైదమ్మ "అయ్యో, ఊకో బిడ్డా" అంది.

అరుణమ్మ ముఖం మాడిపోయింది. "అక్షితతోని నీకు పోలికనా?" అన్న మాట ఆమె నోట్లోంచి జారిపోయింది. జారాక నాలుక కరుచుకుంది గానీ, అందరూ విన్నారు. పాప ఎందుకో ఏడుపందుకుంది. అరుణమ్మ పాపను ఎత్తి సైదమ్మకు అందించింది.

స్వర్ణ సోఫాలోంచి లేచింది. ఏడుపు రావడం లేదు. ఇన్నాళ్లూ ఈమెను అమ్మ తర్వాత అమ్మ అనుకున్నానే, ఎంత వెర్రిదాన్ని అనుకుంది.

"సార్, నేను మీ కంపెనీల పనిచేసిన. నన్ను తీసేసిన్రా? గదొక్కటి చెప్పుండ్రి."

"సార్ ఏంది కొత్తగ?" రాంచందర్ గొంతు మారింది. "తీసేసుడేంది? పెట్టుకున్నోళ్లను గద తీసేసేది. నీకు నేనేమన్న ఆర్డరిచ్చిన్ననా? మన ఊరి పిల్ల, చదువుకున్నది అని రమ్మన్న. వచ్చినవు. పురుటికి పోయినవు."

"పోయి రా, నీ జాగా యాడికి పోదన్నరు మీరే."

"అన్న. ఎవరు లేదన్నరు? ఇప్పుడు గుడ రమ్మనే అంటున్న గద. నువ్వే ఇది గాదు అది అంటున్నవు."

సైదమ్మ చేతులు జోడించింది. "పటేలా, చిన్నపొల్ల, తెల్వక మాట్లాడుతాంది. దాని పని దానికియ్యిండ్రి. మీ కాళ్లకు మొక్కుత."

"అమ్మా, నువ్వు లే ముందుగాల" అంది స్వర్ణ.

రాంచందర్‌కు రోషం వచ్చింది. అదే ఆయన నోరు జార్చింది.

"నా మీద లేస్తవేంది? పోయి మీ ఇంటాయనను అడుగు. నీ జాగాల ఇంకొకలను పెట్టే ముందు నేను మల్లేశును పిలిచి అడిగిన. స్వర్ణ మళ్ల వస్తదా రాదా చెప్పు అన్న. 'రాదు సార్. పొల్ల చిన్నది, చూసేటోళ్లు లేరు, నేనే వద్దన్న' అన్నడు. గాయన మాట మీదనే అక్షితను పెట్టిన. ఇంటికి ఒక్కలనన్న పక్కా చేయుండ్రి, నాకు ఆర్డరు కాయితం ఇయ్యుండ్రి అన్నడు. ఇచ్చిన. ఆయన అడిగిండు, ఇచ్చిన. నువ్వెప్పుడన్న అడిగినవా?"

మీరు పోసిన ఒడిబియ్యమే నా నోరు కట్టేసిందని ఆ ఇంటివాళ్ల ముందు చెప్పబుద్ధి కాక, స్వర్ణ తల్లిని లేపి బయటికి నడిచింది.

*

ఆటో కదలగానే సైదమ్మ కూతురి చేయి పట్టుకుంది.

"మొగోనితోని లొల్లి పెట్టుకోకు బిడ్డా. ఏదో అనుకొని అని ఉంటడు."

"ఏమనుకొని అమ్మా?"

సైదమ్మ పాప వీపు నిమిరింది.

లేబర్ ఆఫీసు ముందు స్వర్ణ ఆటో ఆపించింది. తల్లిని, పాపను ఇంటికి పంపించి లోపలికి పోయింది. అక్కడి మేడం ఓపికగానే విన్నది. ఆర్డరు ఉందా అని అడిగింది. లేదు. జీతం బ్యాంకులో పడేదా? లేదు, చేతికిచ్చేవాళ్లు. హాజరు పట్టీ? దాన్ని రాసేదే స్వర్ణ. అందులో కూలీల పేర్లున్నాయి గానీ, తన పేరు రాసుకోవాలని ఆమెకు ఎన్నడూ తోచలేదు.

"కాగితం లేనంత మాత్రాన పనిచేయనట్టు కాదమ్మా" అన్నది మేడం. "మీరు అక్కడ పనిచేశారని చెప్పే మనిషిని తీసుకురండి. ఆ కంపెనీలో పనిచేస్తున్నవాళ్లయితే మరీ మంచిది. ఎవరైనా ఉన్నారా?"

స్వర్ణ ఆలోచించింది. తోటల వాళ్లందరికీ తెలుసు. కానీ పంట కొనే మనిషికి ఎదురుగా వచ్చి ఎవరు చెబుతారు? కూలీలు ఏ రాష్ట్రం నుంచి వచ్చారో ఆ రాష్ట్రానికి పోయారు. మిగిలింది ఒక్కడు.

"ఉన్నడు మేడం. మా ఆయన."

"ఇంకేం మరి! రేపు పొద్దున వెంటబెట్టుకొని రండి" అన్నదామె.

*

మల్లేశ్ సాయంత్రం ఇంటికి వచ్చాడు. కాళ్లు కడుక్కున్నాడు. సైదమ్మ చాయ్ గ్లాసు అతని ముందు పెట్టి, ముఖం చూడకుండా లోపలికి పోయింది. దాంతో అతనికి అర్థమైపోయింది.

"ఆఫీసుకు పోయినవా?"

"పోయిన. సారు ఇంటికి గుడ పోయిన."

చాయ్ తాగలేదు. గ్లాసు పట్టుకొని కూర్చున్నాడు.

"నేను రానని నువ్వు చెప్పినవా?"

"స్వర్ణా, నువ్వు జర ఆగు..."

"చెప్పినవా లేదా?"

"చెప్పిన." గ్లాసు చేతిలో తిప్పాడు. "ఏం చేయమంటవు? సారు అప్పటికే అక్షితను పెట్టాలని చూస్తున్నడు. నిన్ను ఎట్లైనా పెట్టుకోడని నాకు సమజైంది. ఇద్దరిది పోయేకన్న ఒక్కలదన్న నిలవెడదామని అడిగిన. ఇంట్ల ఒక్కలకన్న గట్టి నౌకరి ఉండాలె గద! పొల్ల పుట్టింది. రేపు దవాఖాన ఖర్చులు, కిరాయి... నా కోసం చేసిన్ననా? మనకోసమే చేసిన."

"నన్ను అడగొచ్చు గద?"

"అడిగితే నువ్వు వస్తనంటవు."

అంత సూటిగా చెబుతాడని అనుకోలేదు స్వర్ణ. అతనూ అనుకోలేదు కాబోలు, తల వంచుకున్నాడు.

రాంచందర్ మోసం చేశాడంటే తట్టుకుంది. అరుణమ్మ మాట అంటే తట్టుకుంది. ఎంత దగ్గరగా పిలిచినా వాళ్లు పరాయివాళ్లే. ఈ మనిషి? పురిటి నొప్పులప్పుడు దవాఖాన మెట్ల మీద కూర్చొని ఏడ్చిన మనిషి. ఆదివారం ఆదివారం వచ్చి, పాపను ఆడిస్తూ, అన్ని ముచ్చట్లూ చెప్పి, ఆ ఒక్కటి కడుపులో దాచుకొని నవ్విన మనిషి. ఆ నవ్వులన్నీ గుర్తొచ్చి స్వర్ణకు ఒళ్లంతా కంపరమెత్తింది.

"వంటకు రమ్మంటున్నరు నన్ను. ఎర్కనా?"

"ఎర్కలేదు" అన్నాడు గబుక్కున. "నిజంగ ఎర్కలేదు. పాప మీద ఒట్టు."

లోపలి నుంచి సైదమ్మ వచ్చింది. పొద్దున్నుంచి సర్దుకుపోదాం, ఊరుకుందాం అన్న మనిషే. గుమ్మం పట్టుకొని నిలబడి అల్లుడి వైపు సూటిగా చూసింది.

"నేను తోమిన బోళ్లు నా బిడ్డ తోమది అల్లుడా. గది మాత్రం కాదు."

"నేను తోమమన్ననా అత్తమ్మా?"

స్వర్ణ వచ్చి అతని ఎదురుగా కూర్చుంది. గొంతు తగ్గించింది. ఇంకా ఎక్కడో ఆశ ఉంది ఆమెకు. అదే ఆమెను మెత్తగా మాట్లాడించింది.

"అయిందేదో అయింది. ఇప్పుడు నేనొకటి అడుగుత. లేబర్ ఆఫీసుకు పోయిన. కాయితం లేకున్నా ఫికర్ లేదన్నరు. నేను గా కంపెనీల పనిచేసిన్నని చెప్పే మనిషి ఒక్కలు కావాలన్నరు. నువ్వొచ్చి చెప్పు. అబద్ధం ఆడమంటలేను. రోజు నన్ను బొలెరోల ఎక్కించుకపోయి ఆఫీసు కాడ దింపినవు గద, గదే చెప్పు. ఉన్నదున్నట్టు."

"నా నౌకరి పోతది స్వర్ణా."

"నాది పోయింది."

"ఇద్దరిది పోతే ఎట్ల బతుకుతం?"

"నిజం చెప్తే నిన్ను తీసేస్తడా? నీకు కాయితం ఉన్నది గద! గందుకే గద అడిగి తీసుకున్నవు. నాకు లేదు. నాకు నువ్వే ఉన్నవు."

మల్లేశ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. చూసి స్వర్ణ గుండె కరిగింది. వస్తాడు, ఎంతైనా నావాడు కదా అనుకుంది. అతను లేచి గ్లాసు పక్కన పెట్టాడు. ఉయ్యాల దగ్గరికి పోయి, నిద్రలో కదులుతున్న పాపను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. భుజాన వేసుకొని అటూ ఇటూ తిరిగాడు.

"రేపు పొద్దుగాల్లనే గద పోయేది?" అన్నాడు, గోడ వైపు తిరిగి.

"అవు."

"అత్తమ్మను తోలుకొని పోయి రా. బండికి సెలవు చెప్త. పొల్లను నేను చూసుకుంట. ఎంతసేపైనా మంచిదే, నువ్వు ఫికర్ చేయకు."

ఇంకా ఏమైనా అంటాడేమోనని స్వర్ణ ఎదురుచూసింది. అతను పాప వీపు మీద తడుతూ జోకొడుతున్నాడు. పాపను చూసేవాళ్లు లేరని చెప్పి ఆమె కుర్చీ పోగొట్టిన మనిషి, ఆ ఒక్క మాట చెప్పకుండా తప్పించుకోవడానికి రోజంతా పాపను చూసుకుంటానంటున్నాడు.

స్వర్ణ లేచింది. దగ్గరికి పోయి పాపను అతని భుజం మీది నుంచి తీసుకుంది. అతను ఒక్క క్షణం వదల్లేదు. తర్వాత వదిలాడు.

"అమ్మా, పాప బట్టలు సర్దు" అంది.

"యాడికి?" అన్నాడు మల్లేశ్.

స్వర్ణ పాపను తన భుజాన వేసుకుంది. సైదమ్మ దండెం మీది గౌనులు రెండు తీసింది. ఒక్క పూటకు సర్దాలో, ఎల్లకాలానికి సర్దాలో తెలియక, వాటిని చేతిలో పట్టుకొని బిడ్డ ముఖంలోకి చూసింది.